క్వింటాలుకు యాభై

హోళీ అయిన మూడో రోజు, గోళ్ల సందుల్లో రంగు ఇంకా పోకముందే, మా తండాకు పోస్టుమ్యాన్ వచ్చాడు. అప్పుడు నేను ఇంటి ముందు మంచం వేసుకొని, సాగర్ కాలువలో నేను పట్టిన చేప సంగతి నలుగురికి చెబుతున్నాను. హాలియా దగ్గర తల దొరికితే నేరేడుచర్ల దగ్గర తోక దొరికిన చేప అది. విన్నవాళ్లే మళ్లీ వింటున్నారు. చెప్పినప్పుడల్లా ఆ చేప ఇంకో ఊరు దాటుతుంది కాబట్టి, ఈసారి ఎక్కడిదాకా పోతుందోనని వాళ్ల ఆశ.

“తులసీరాం ఎవరు?” అన్నాడు పోస్టుమ్యాన్. కొత్తవాడు.

“అరవై ఎనిమిదేండ్ల సంది నేనే. ఏమన్న మారుస్తవా?”

“రిజిస్టర్ పోస్టున్నది. ఇన్‌కమ్ ట్యాక్సోళ్ల నుంచి. గీడ సంతకం పెట్టు.”

“సూసిన్రా, చేప బరువు అడుగుతున్నరు” అన్నాను. అందరూ నవ్వారు. నా బామ్మర్ది హరిలాల్ అయితే మంచం పట్టె మీద చరిచి మరీ నవ్వాడు. నా కోతలకు అందరికంటే ముందు నవ్వేది వాడే. నేను చెప్పడం మరిచిపోయిన చోట అందించేదీ వాడే.

కవరు చింపి నా మనుమరాలు అనూషకిచ్చాను. కోదాడ హాస్టల్లో ఉండి బీఫార్మసీ మూడో ఏడు చదువుతుంది, పండక్కు వచ్చింది. నాది తండా బడిలో అయిదో తరగతి చదువు. తెలుగు పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాను. ఇంగ్లిషు కాగితం వస్తే మాత్రం కళ్లద్దాలు ఎక్కడో మరిచిపోతాను.

ఆ పిల్ల రెండు పేజీలూ చదివి, మడిచి, “దాదా, ఒకసారి ఇంట్లకు రా” అంది.

ఇంట్లోకి పోయాక గొంతు తగ్గించి చెప్పింది. “మూడేండ్ల కిందట ఒక్క ఏడుల నీ ఖాతాలల్ల ముప్పై ఎనిమిది లక్షల అరవై ఎనిమిది వేలు పడ్డయట. రిటర్ను ఎందుకెయ్యలేదు, గవి ఎక్కడియి అని అడుగుతున్నరు. పదిహేను రోజుల్ల జవాబియ్యాలె. ఇప్పటికే నాలుగు రోజులు పోయినయి.”

“ఇయ్యకపోతే?”

“వాళ్లకు తోచింది వాళ్లు రాసుకుంటరట.”

బయట మంచం దగ్గర ఇంకా నవ్వుతున్నారు. నేను వడ్ల గుమ్మిని ఆనుకొని కూర్చున్నాను.

మా పద్ధతి ఇక్కడ చెప్పాలి, లేకపోతే నన్ను దొంగనుకుంటారు. చెప్పినా అనుకోవచ్చు. మావి కాలువ కింద సన్న వడ్లు. మిషన్ కోసిన పచ్చి వడ్లను కోసినట్టే లారీకెత్తి మిర్యాలగూడ మిల్లుకు తోలుతాం. మిల్లువాళ్లు డబ్బు బ్యాంకు ఖాతాలో వేస్తారు. తండాలో అందరికీ పంట అప్పుల పాత బాకీ ఉంది. ఖాతాలో వడ్ల డబ్బు పడగానే బ్యాంకు దాన్ని బాకీ కింద పట్టుకుంటుంది. బాకీ లేనివాణ్ని నేనొక్కణ్నే. అందుకని పంతొమ్మిది ఇళ్ల వడ్లూ నా పేరు మీదే పోయేవి. ఒక లారీకి ఒకటే పేరు. వానాకాలం డబ్బు ఒక బ్యాంకులో, యాసంగి డబ్బు ఇంకో బ్యాంకులో పడేది. తీసి సంచిలో తెచ్చి, ఆ మంచం మీదే ఎవరివి వాళ్లకు పంచేవాణ్ని. ఐదేళ్లు అట్లాగే నడిచింది. “నీకేం మిగిలింది బావా?” అని హరిలాల్ అడిగితే “మీ అందరి నవ్వులు” అనేవాణ్ని.

ఇక ట్యాక్సు సంగతి. వ్యవసాయం డబ్బుకు ట్యాక్సు లేదు, అదొక గొడుగు. ఎస్టీలకు అసలే లేదు, అది రెండో గొడుగు. రెండు గొడుగుల కింద తడిసేదెవడు అని తండాకు చెప్పింది నేనే. మొదటిది పేపర్లో చదివాను. రెండోది మిర్యాలగూడ హోటల్లో పక్క బల్ల మీద ఎవరో అంటుంటే విన్నాను. గొడుగులు నేను కలిపాను.

*

మర్నాడు అనూషను తీసుకొని సూర్యాపేట పోయాను. నా కొడుకు విజయ్ మేళ్లచెరువులో సిమెంటు లారీ నడుపుతాడు. వాళ్ల ఓనరుకు రిటర్నులు వేసే జయరాజు గారి అడ్రసు వాడే ఇచ్చాడు. ఒక మెడికల్ షాపు మీద చిన్న గది, గోడకు చర్చి క్యాలెండరు. జయరాజు గారు నా పాన్ కార్డు నంబరు కొట్టి కంప్యూటర్లో చాలాసేపు చూశారు.

“పెద్దాయనా, ముందుగాల రెండు మెయిళ్లు పంపిన్రు. చూడలేదా?”

“నాకు మెయిలు లేదు సార్. బర్రెలున్నయి.”

“కార్డు దరఖాస్తుల ఉన్నది గద. కోదాడ నెట్ సెంటరోళ్లది పెట్టిన్రు.”

అనూష అడిగింది, “పైసలు ఎవరియో చూపియ్యకపోతే ఏమైతది సార్?”

“లెక్క చెప్పలేని సొమ్మంటరు. వందకు డెబ్బై ఎనిమిది ట్యాక్సు కిందనే పోతది. జర అటిటు ముప్పై లక్షలు. జరిమానా మళ్ల వేరే.”

నాకున్నవి మూడెకరాలు, రెండు గదుల స్లాబు ఇల్లు. రెండూ ఆయన బల్ల మీద పెట్టేసినట్టు అనిపించింది. “మిగిలిన ఇరవై రెండు నాకే ఇస్తరా సార్?” అన్నాను. ఆయన నవ్వలేదు.

“మేం ఎస్టీలం గద సార్, మాకు లేదంటరు.”

“అది ఎక్కడో ఈశాన్యం దిక్కున్న రాష్ట్రాలోళ్లకు. మనకు గాదు. ఎవలు జెప్పిన్రు నీకు?”

“ఎవలో” అన్నాను క్యాలెండరు చూస్తూ.

ఆయన ఒక కాగితం ప్రింటు తీసి నా ముందుకు జరిపారు. “వడ్ల పైసలు రైతులయి అని చూపియ్యొచ్చు. మిల్లు చిట్టీలు తేవాలె. పంతొమ్మిది మందితోని స్టాంపు కాగితాల మీద రాపియ్యాలె, వాళ్ల పాస్‌బుక్కుల జిరాక్సులు పెట్టాలె. అయితది. గని, గిదేంది? కమీషన్. లక్షా వెయ్యిన్ని ఎనిమిది వందలు. మిల్లోళ్లు నీకిచ్చి, అందుల అయిదు పర్సెంటు కోసి గవర్నమెంటుకు కట్టిన్రు.”

పక్క కుర్చీలో అనూష నా దిక్కు తిరిగింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, నా వీపు మాత్రం చొక్కాకు అంటుకుపోయింది.

“క్వింటాలుకు యాభై” అన్నాను. “వడ్లు తోలిచ్చినందుకు.”

“మంచిది. తప్పేంలేదు, మస్తుమంది తీసుకుంటరు. గిది చూపిస్తే అయిపోవు. పెద్దాయనా, నీకు అరవై దాటినయి. మూడు లక్షల దాకా నువ్వు రూపాయి కట్టే పనే లేదు. గా ఏడు రిటర్ను ఏసుంటే, కోసిన అయిదు వేల తొంభై గూడ నీకే తిరిగొచ్చేటియి. గీ నోటీసే రాకపోవు.”

కట్టాల్సింది సున్నా. నేను దాచింది సున్నా నుంచి. కానీ నేను దాచింది గవర్నమెంటు నుంచి కాదని ఆయనకెట్లా చెప్పను?

“సార్, గా కమీషన్ ముచ్చట రాయకుంటే నడ్వదా?”

“మిల్లోళ్లు చెప్పిన్రు, వాళ్ల కాగితంల ఉన్నది. నువ్వు ఇప్పుడు గూడ దాస్తే, కావాలని దాచినవంటరు. అప్పుడు పంతొమ్మిది మంది సంతకాలు ఎవరు నమ్ముతరు? రాసెయ్. ప్రతి రైతు కాగితంల ఒక లైను: క్వింటాలుకు యాభై చొప్పున తులసీరాం కమీషన్ తీసుకున్నడు, మాకు ఎరుకే అని.”

మాకు ఎరుకే. ఆ రెండు మాటలూ పట్టుకొని మెట్లు దిగాను.

బస్టాండు ముందు చెరుకు రసం కొనిచ్చాను. అనూష గ్లాసు పట్టుకొని నిలబడింది, తాగలేదు.

“తండల ఎవరికన్న తెల్సా దాదా?”

“లే.”

“నా హాస్టలు పైసలు గవేనా?”

అటూ ఇటూ చూశాను. ఖమ్మం బస్సు వచ్చింది, పోయింది. మనుమరాలి హాస్టలుకు, ఇంటరు నుంచి ఇప్పటిదాకా, డబ్బు ఎక్కడిదని తండా అడిగితే మా మేక సంగతి చెప్పేవాణ్ని. ఒక్క ఈతకు నాలుగు పిల్లలను వేసే మేక. అయిదోది మర్యాద కోసం ఆపుకుంటుందని చెప్పేవాణ్ని. అందరూ పడి పడి నవ్వేవారు. నవ్వినవాడు మళ్లీ అడగడు. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

“బస్సొచ్చింది, ఎక్కు” అన్నాను.

*

ఆ తర్వాత ఆరు రోజులు నేనేం చేశానంటే, ఏమీ చెయ్యలేదు. పొద్దున్నే పొలానికి పోయి గట్టు మీద కూర్చునేవాణ్ని. వరి పొట్ట విప్పుతోంది. గవర్నమెంటువాళ్లు ఎకరాన్ని ఎట్లా పట్టుకుపోతారు, చుట్ట చుట్టుకుపోతారా, బోర్డు పాతుతారా అని ఆలోచించేవాణ్ని. ఒకరోజు పగలు పదింటికి తండాలోకి తెల్ల బొలేరో వచ్చింది. ఇద్దరు దిగారు, ఇన్‌షర్టు, చేతిలో ఫైలు. నేను గట్టు మీంచి చూసి, ఎనకాముందూ ఆలోచించకుండా మోటారు గదిలోకి దూరి తలుపేసుకున్నాను. ఎండకు రేకులు పెనంలా కాలుతున్నాయి. స్టార్టరు డబ్బా వెనక కప్పలు. రెండు గంటలు చొక్కా నోట్లో కుక్కుకొని, ఒంటికి పోవాల్సి వస్తే ఓర్చుకొని అట్లాగే కూర్చున్నాను. హరిలాల్ వచ్చి తలుపు కొట్టాడు.

“బావా, గీడేం చేస్తున్నవ్? విత్తనం కంపెనోళ్లు వచ్చి టోపీలు పంచిపోయిన్రు. నీకూ ఒకటి తీస్కున్న.”

నా నెత్తి మీద టోపీ పెట్టి, నా మొఖం చూసి, “జరం గిట్ల వచ్చిందా?” అని నుదురు పట్టి చూశాడు. ఆ చెయ్యి ఇంకా ఒక్క క్షణం ఉంటే చెప్పేసేవాణ్నేమో. తీసేశాడు.

ఇంట్లో పార్వతి ఏమీ అడగలేదు. నలభై ఆరేళ్ల కాపురంలో నా భార్య నన్ను అడిగినవి చాలా తక్కువ. అన్నం పెట్టి ఎదురుగా కూర్చొని, నేను కలిపి వదిలేసిన కంచం తీసుకొని పోయి మేకల ముందు పెట్టేది.

ఏడో రోజు అనూష కోదాడ నుంచి ఫోన్ చేసింది. “ఇగ నాలుగే రోజులున్నయి దాదా. నువ్వు పోతవా, నేను క్లాసులు ఇడిసిపెట్టి రావాల్నా?”

మిర్యాలగూడ పోయాను. మిల్లు ముందు అదే తూకం, అదే లారీల బారు. గుమాస్తా సంపత్ నన్ను చూసి, “కాకా, ఈసారి చేప ఎంతుంది?” అన్నాడు. చిట్టీలన్నీ జిరాక్సు తీసిచ్చాడు, పాపం, మంచివాడే. పోబోతూ అడిగాను.

“సంపత్, గా కమీషన్... అది మిల్లు ఇచ్చేదే గద? మీ సేటు జేబుల నుంచి.”

నాకు వాడు అవునంటే చాలు. తండా ముందు నిలబడి చెప్పుకోవడానికి ఆ ఒక్క మాట కావాలి. వాడు పెన్ను చెవికి పెట్టుకొని నన్ను వింతగా చూశాడు.

“సేటు జేబుల నుంచి ఎవలిస్తరు కాకా? గా ఏడు విడిగా వచ్చిన రైతులకు పంతొమ్మిది వందల యాభై ఇచ్చినం. మీ తండ లారీకి పంతొమ్మిది వందలు. గా యాభైయే నీది. నీకు ఎరుకలేదా ఏంది?”

ఎరుకే. ఐదేళ్లుగా ఎరుకే. అడగకుండా ఉంచుకున్నాను, అంతే.

అక్కడి నుంచి కోదాడ. నా పాన్ కార్డు చేసిన నెట్ సెంటరామె కృప, పంతొమ్మిది స్టాంపు కాగితాలు టైపు చేసింది. మెయిళ్ల సంగతి అడిగితే ఆమెకు నిజంగానే బాధ వేసింది. “రోజుకి వందొస్తాయి తాతగారూ, ఏది ఎవరిదని చూస్తామండీ? కనపడుంటే ఫోన్ చేసేదాన్ని కదా.” టైపు చేస్తూ చేస్తూ ఒకచోట ఆగింది. “ఈ యాభై రూపాయల లైను... అందరికీ తెలిసిందే కదండీ? తర్వాత మా మీదకి రారు కదా?”

“నువ్వు కొట్టమ్మా” అన్నాను.

*

మర్నాడు మధ్యాహ్నం, ఎండకు అందరూ పొలాల నుంచి వచ్చి ఉన్నప్పుడు, సేవాలాల్ గుడి అరుగు మీదికి పంతొమ్మిది ఇళ్లవాళ్లనూ పిలిచాను. అనూష పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. మాలో మేం మాట్లాడుకున్నది లంబాడీలోనే. మీకు తెలుగులో రాస్తున్నాను.

“ఇన్‌కమ్ ట్యాక్సోళ్లు నన్ను ముప్పై లక్షలు కట్టమంటరు” అన్నాను.

హరిలాల్ ఫక్కున నవ్వాడు. “బావా, పోయినసారి చేప గూడ గంత లేదు.” వాడితోపాటు అందరూ నవ్వారు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను నిజమే అన్నాను. ఇంకా నవ్వారు. ఒట్టు పెట్టాను. ఒట్టు పెట్టడం కూడా నా కథల్లో ఉండేదే, దానికీ నవ్వారు. ఒక్క నిజం చెప్పడానికి నా దగ్గర ఏ మొఖమూ మిగల్లేదని అప్పుడు తెలిసింది. చివరికి అనూష లేచి కాగితం విప్పి, అంకె చదివి, తేదీ చదివింది. నవ్వు అటు చివర నుంచి ఇటు చివరకు ఆగిపోతూ వచ్చింది.

“సంతకాలు కావాలె” అన్నాను. “గా పైసలు మీ వడ్లయి అని.”

మూలన కూర్చున్న దీప్లా మొదట మాట్లాడాడు. “సంతకం పెడితే మాకు పైసలొచ్చినయని బ్యాంకోళ్లకు తెలుస్తది. మా బాకీలు మళ్ల మొదటికొస్తయి. నిన్ను కాపాడి మేం మునగాల్నా?”

వాడన్నది తప్పేం కాదు. నేను జేబులో స్టాంపు కాగితాలు తడుముకున్నాను. ఆ లైను చదవకుండానే సంతకాలు తీసుకోవచ్చు. ఇంగ్లిషులో ఉంది, చదివేవాళ్లు ఇద్దరు ముగ్గురే. అనూష నన్నే చూస్తోంది.

“ఇంకొకటున్నది” అన్నాను. “గా ఏడు మిల్లోళ్లు నాకు క్వింటాలుకు యాభై ఇచ్చిన్రు. మీ రేటుల తగ్గించే ఇచ్చిన్రు. లక్షా వెయ్యిన్ని ఎనిమిది వందలు. గది గూడ కాగితంల రాసి ఉన్నది.”

ఎవరి ఇంట్లోనో మిక్సీ తిరుగుతున్న చప్పుడు వినపడింది, అదీ ఆగింది. గండం సగం గడిచిందనుకొని ఊపిరి వదులుతుండగా ఆడవాళ్లలోంచి పార్వతి అంది. గొంతు పెంచలేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది.

“గది ఒక్క ఏడుదే గద. తతిమ్మా నాలుగేండ్లది?”

మేకలను కాసేది తను. మా మేక ఒక్క ఈతకు ఒక్క పిల్లనే వేస్తుందని ఐదేళ్లుగా తనకు తెలుసు.

“ఐదేండ్లూ తీసుకున్న” అన్నాను.

హరిలాల్ తల వంచుకొని కాలి గోరు చూసుకుంటున్నాడు. “నా వడ్ల మీద గూడనా?” అని అడిగాడు.

“నీ వడ్ల మీద గూడ.”

వాడు లేచాడు. కొడతాడేమోనని నేను కొంచెం వెనక్కి జరిగాను, అబద్ధమెందుకు. వాడు వచ్చి నా చేతిలోంచి కాగితాల కట్ట తీసుకొని, తన పేరున్నది వెతికి, అనూషను పెన్ను అడిగాడు.

“దీప్లా” అన్నాడు సంతకం పెడుతూ. “గా మూడెకరాలు పోతే, పోయేది వీనియి గావు. మా అక్కయి. గీ పిల్లయి. బ్యాంకు సంగతి మనం చూసుకుందం.”

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. కొందరు సంతకం, కొందరు వేలిముద్ర. పంతొమ్మిది మందిలో ఒక్కరు కూడా నా మొఖం చూడలేదు. పాస్‌బుక్కుల జిరాక్సులు మాత్రం సాయంత్రానికల్లా అందరివీ మా ఇంటికి చేరాయి, పిల్లలతో పంపించారు.

*

ఆఖరి రోజు సూర్యాపేటలో జయరాజు గారి గదిలో నేనూ అనూషా కూర్చున్నాం. కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలట. అది ఎక్కుతూ ఎక్కుతూ ఆగి, గిరగిర తిరగడం మొదలుపెట్టేది. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. మూడింటికి కరెంటు పోయింది. ఆయన, “పెద్దాయనా, ఏదన్న ముచ్చట చెప్పు, పొద్దు పోతది” అన్నారు. చెబుదామని నోరు తెరిచాను. ఏదీ గుర్తు రాలేదు. అయిదున్నరకు కాగితాలు పోయాయి. పోయినట్టు ఒక నంబరు వచ్చింది. ఆ నంబరు అనూష నా అరచేతిలో రాసింది, ఎందుకో నాకే తెలియదు, రాయమన్నాను.

“ఇగ చూడాలె” అన్నారు జయరాజు గారు. “తతిమ్మా ఏండ్లవి ఏ ఏడువి ఇప్పుడేయనిస్తరో చూసి అవి గూడ ఏద్దం. ఇగ దాచుడు ఒద్దు.”

చూశాను. ముప్పై మూడు రోజులు. ఈ ముప్పై మూడు రోజుల్లో వరి ఈని, పాలు పోసుకొని, తల వంచింది. నేను బక్కపడ్డాను. ఫోను మోగితే పార్వతికిచ్చి, ఎవరో అడగమనేవాణ్ని. ఆ భయం నోటీసు ఒక్కదాని గురించే అయితే బాగుండేది. గవర్నమెంటుకు నా మీద కోపమేమీ లేదు, కాగితాలు సరిపోతే వదిలేస్తుంది. పొద్దున్నే నేను మంచం వేసుకొని కూర్చున్నప్పుడు, ఆ దారిన పోయేవాళ్లు పశువులను కాస్త అవతలి నుంచి తోలుకుపోవడం చూస్తే, దానికి జవాబు ఏ కంప్యూటర్లో ఎక్కించాలో తెలిసేది కాదు. ఒకరోజు మంచం లోపల వేసుకున్నాను.

రెండు బర్రెలు అమ్మి, ఆ నోటీసు ఏటి డబ్బు ఇంటింటికీ పోయి ఇచ్చాను. పార్వతి నాతోపాటు వచ్చింది, ప్రతి గడప ముందూ నిలబడింది. మిగిలిన నాలుగేళ్లది పంటపంటకూ ఇస్తానన్నాను. సరే అన్నారు. హరిలాల్ ఇంట్లో లేడు, వాడి భార్యకిచ్చాం.

ఏప్రిల్ ఆఖర్లో జయరాజు గారు ఫోన్ చేశారు. “పెద్దాయనా, జవాబు ఒప్పుకున్నరు. కేసు ముందుకు తీసుకపోవట్లే. నీ పొలం నీకున్నది.” నేను గట్టు మీదే కూర్చొని ఏడ్చాను. ఎవరూ లేరు కాబట్టి, ఎంతసేపు ఏడ్చానో ఎక్కువ చేసి చెప్పినా పట్టుకునేవాళ్లు లేరు. కానీ ఉన్నంతే చెబుతున్నాను, కొంచెంసేపే.

*

ఈసారి తండా వడ్లు మిల్లుకు పోలేదు. దీప్లా, హరిలాల్, ఇంకో నలుగురు కలిసి బ్యాంకు మేనేజరు దగ్గరికి పోయి పాత బాకీలకు వాయిదాలు రాయించుకొని వచ్చారు. నన్ను రమ్మనలేదు. ఆ సంగతి కూడా నాకు అనూష చెబితేనే తెలిసింది. ఎవరి వడ్లు వాళ్లు ఆరబెట్టుకొని, ఎవరి పేరు మీద వాళ్లు, ఊళ్లో పెట్టిన సర్కారు కొనుగోలు కేంద్రానికే తోలారు. నేనూ నా మూడెకరాల వడ్లు తోలి, టోకెన్ తీసుకొని, అందరి కుప్పల మధ్య నాదీ ఒక కుప్ప పోసి కూర్చున్నాను. నా టోకెను పద్నాలుగు. పదిహేను హరిలాల్‌ది.

మహిళా సంఘం తరఫున తేమ చూసే స్రవంతి అనే అమ్మాయి మెషిన్ పట్టుకొని కుప్పకుప్పకూ వస్తోంది. పదిహేడు దాటితే ఇంకో రెండు రోజులు ఆరబెట్టమంటారు. మబ్బు పట్టి ఉంది. వాన పడితే ఎవరి కుప్ప ఏమవుతుందో తెలియదు. అందరి కళ్లూ ఆ మెషిన్ మీదే ఉన్నాయి.

నా కుప్పలోంచి గుప్పెడు తీసి మెషిన్లో పోసింది. అంకె చూపించింది. మంచి ఎండకు నాలుగు రోజులు తిరగేసిన వడ్లు, నాకు ముందే తెలుసు.

“ఎంతొచ్చింది?” అన్నాడు వెనక నుంచి హరిలాల్. గుడి అరుగు మీద సంతకం పెట్టిన రోజు నుంచి వాడు నాతో మాట్లాడిన మొదటి మాట అది. నా కుప్పా వాడి కుప్పా ఒకే రోజు కోసినవి, పక్కపక్కనే ఆరినవి. నాది పోతే వాడిదీ పోతుంది, అందుకు అడిగాడు.

నేను తిరిగి చూశాను. నెత్తి మీద కంపెనీ టోపీ, భుజం మీద తువ్వాల, అదే మనిషి.

“పదహారు” అన్నాను.

వాడు కుప్ప దాటి వచ్చాడు. నా పక్కనుంచి పోయి, స్రవంతి చేతిలో మెషిన్ వైపు వంగి, కళ్లు చిన్నవి చేసుకొని అంకె చదివాడు. చదివి తన కుప్ప దగ్గరికి తిరిగిపోయాడు.

“పదహారే” అన్నాడు. నాతో కాదు, తన వెనక ఉన్నవాళ్లతో.